అమ్మ చేర్చిన మాట

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ అక్క ఆదివారం బైబిలు పాఠం చెబుతూ కూడా చేతులు ఊరికే ఉంచదు; ఏ పిల్ల చొక్కాకి గుండీ ఊడినా అక్కడే కుట్టేస్తుంది. చెప్పేవన్నీ చిన్నప్పుడు చదువురాని తల్లి నోట విన్న కథలే. మొన్న తప్పిపోయిన గొర్రె కథ చెబుతూ, "కాపరి వెతకబోయే ముందు మిగతా తొంభై తొమ్మిదింటినీ దగ్గరికి పిలిచి, 'ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ ఉండండి, వచ్చేస్తాను' అన్నాడర్రా," అంది. వెనక నిలబడి వింటున్న కొత్త పాస్టరు నవ్వుతూ, "ఆ మాట బైబిల్లో లేదక్కా," అన్నాడు.

పిల్లలంతా ఆమె ముఖంలోకి చూశారు. ఆమె తడబడలేదు. "లేదని నాకూ తెలుసండీ. చదవడం వచ్చాక వెతికి చూశాను. చెల్లికి జబ్బు చేస్తే అమ్మ దాన్ని తీసుకుని నెల్లాళ్లు ఆసుపత్రిలో ఉంది. వెళ్లే రోజు పొద్దున మా ఐదుగురినీ కూర్చోబెట్టి ఈ కథ చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకునే మేం ఏడవకుండా ఉన్నాం," అంది. పాస్టరు పిల్లల మధ్య చాప మీద చోటు చేసుకుని కూర్చుని, "మళ్లీ మొదటినుంచి చెప్పక్కా," అన్నాడు. ఆమె తల నిటారుగా ఎత్తి మొదలుపెట్టింది. కాపరి బయల్దేరే చోటికి రాగానే ఆగి, "ఇక్కడ మాత్రం మా అమ్మ చెబుతోంది, వినండి," అంది.