ఊట సింగపూర్‌లో, ముక్కలు దుబాయ్‌లో

మొన్న మా అమ్మాయి నా ఫోనులో ఏదో సర్దుతూ వాతావరణం చూపించే చోట ఆగిపోయింది. పైన సింగపూర్, ముప్ఫై ఒక్క డిగ్రీలు, ఉరుముల మబ్బు. దాని కింద దుబాయ్, నలభై ఒకటి, మబ్బు తునక లేని సూర్యుడు. "దుబాయ్‌లో మనకెవరూ లేరు కదమ్మా, వై స్టిల్ కీప్ లా? తీసెయ్యనా?" అంది. నేను ఫోను లాక్కున్నంత పని చేశాను. మే నెలలో దుబాయ్‌లో ఎండ కాస్తోందని చూస్తే చాలు, ఈ వయసులోనూ నా కాళ్ళు నేల మీద నిలవవు.

దీనికంతటికీ మూలం మా అత్తగారు. ఐటీ మంచి జోరు మీదున్న రోజులవి. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ హడలే మాకు అన్నం పెడుతోంది. సింగపూర్ ఆంగ్ మో కియోలో మా ఫ్లాటు, అప్పుడే అడుగులు వేస్తున్న మా పిల్ల, దాన్ని చూసుకోవడానికి తెనాలి వైపు నుంచి వచ్చిన అత్తగారు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ మాగాయ పెట్టని వేసవి లేదు. టెక్కా మార్కెట్లో పుల్లటి కాయలైతే దొరికాయి గానీ ఎండ దొరకలేదు. పొద్దున్నంతా పెళపెళలాడుతూ కాసి, ముక్కల్లో తడి ఆరే వేళకి సరిగ్గా కుండపోత. బట్టలారేసే వెదురు గడకి ముక్కల మూట కట్టి కిటికీ బయటికి పెడితే, పసుపు నీళ్ళు కింది అంతస్తు చైనీస్ ఆంటీ తెల్ల దుప్పటి మీద కారాయి. ఆవిడ పైకొచ్చి "అయ్యో, వై సో ఎల్లో వన్!" అని లబలబలాడింది. రెండు విడతల ముక్కలు బూజు పట్టాయి. మూడో విడత ఉప్పులో ఊరుతుండగా, ఒక బ్యాంకు పని మీద రెండు వారాలు దుబాయ్ వెళ్ళమన్నారు నన్ను ఆఫీసువాళ్ళు.

నా ఉద్యోగంలో అదే మొదటి పరదేశపు పని. ఎగిరి గంతేశాను. అత్తగారు మూతి ముడిచారు. "పసిపిల్లనొదిలేసి ఎడారులు పట్టుకు తిరగడమేంటమ్మాయ్? మీ ఆఫీసులో మగాళ్ళు లేరా?" అన్నారు. మా ఆయన ఆవిడ వైపొకసారి, నా వైపొకసారి తలూపి పేపరు వెనక్కి జారుకున్నారు. ఇక నా ప్రయాణం అయినట్టే అనుకున్నాను.

గట్టెక్కించింది భాయ్. ఆయనది హైదరాబాదు, ఉండేది సింగపూర్‌లోనే, బెడోక్‌లో. నాతో పాటు దుబాయ్ రావలసిన పెద్ద ఇంజనీరు. అంతకుముందు అక్కడ పనిచేసినవారు. ఆ సాయంత్రం టికెట్టు ఇవ్వడానికి వచ్చి, టీ తాగుతూ దుబాయ్ ఎండ గురించి ఎత్తుకున్నారు. "ఏం చెప్పాలమ్మా! మే నెల్ల నల్లా తిప్పితే కాగిన నీళ్ళొస్తయి. చల్లటివి గావాల్నంటే గీజర్ బంద్ చేసి దాంట్లెవి వాడుకుంటం." అత్తగారి గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "మరి వాన?" అన్నారు. "వానెక్కడిదమ్మా, మబ్బు గూడ కానరాదు" అన్నారు భాయ్. అత్తగారి మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "అయితే ముక్కలు పట్టుకెళ్ళు. గలగల్లాడుతూ తిరిగొచ్చాయా, నువ్వింక ఏ దేశం పోయినా నోరెత్తను. పాడయ్యాయా, ఈ తిరుగుళ్ళు ఇంతటితో సరి" అని తేల్చేశారు. భాయ్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "మీ కోడల్ను, ముక్కలను సలామత్‌గా తెస్తనమ్మా" అని మాటిచ్చేశారు. పిండిన ముక్కలు స్టీలు డబ్బాలో నా పెట్టెలోకి, ఊట జాడీలో ఫ్రిజ్‌లోకి చేరాయి. ఎండిన ముక్కలు తిరిగి ఆ ఊటలో పడితేనే మాగాయ.

దుబాయ్‌లో దిగి విమానాశ్రయం తలుపు దాటానో లేదో, కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేసింది. సముద్రం పక్కన ఊరు, గాలి నిండా చెమ్మ. ఇదీ సింగపూర్ లాంటిదేనా అని నా ప్రాణం ఉసూరుమంది. తెల్లారి మా బస డాబా ఎక్కాక గానీ నమ్మకం కుదరలేదు. ఎనిమిదింటికే గచ్చు కాలు పెట్టనివ్వడం లేదు. అబ్బ, ఏం ఎండ! చిన్నప్పుడు అమ్మ కేకలేసి లోపలికి తరిమిన ఎండ అది. అత్తగారి పాత నూలుచీర పరిచి, ముక్కలు పోసి, నాలుగు కొసలకీ ఇటుకలు పెట్టి పనిలోకి వెళ్ళాను.

మధ్యాహ్నం బ్యాంకు మేడ మీద కూర్చుని మా ప్రోగ్రాము పరీక్షిస్తున్నాం. కిటికీలోంచి చూస్తే ఎడారి వైపు ఆకాశం డికాషన్ రంగుకి తిరిగింది. ఇసుక గాలి. "భాయ్, నా ముక్కలు!" అన్నాను. ఆయన లేచి, ఫ్యామిలీ ఎమర్జెన్సీ అని బ్యాంకు మేనేజరుకి చెప్పి, నన్ను టాక్సీ ఎక్కించారు. డాబా ఎక్కేసరికి ఇసుక మొహాన కొడుతోంది. ఒక ఇటుక దొర్లిపోయి చీర లేస్తోంది. భాయ్ తెల్ల చొక్కాతో, టైతో దాని మీద బోర్లా పడ్డారు. "ఆ కొస పట్టు చెల్లె! మీ అత్తమ్మకు నేనేం మొహం చూపియ్యాలె!" అని అరుస్తున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మూటకట్టి మెట్ల మీదికి లాక్కొచ్చి విప్పాం. ఒక్క పూటలో ముక్కలు మెలికలు తిరిగి ఎండిపోయాయి. చేత్తో ఎత్తి పోస్తే గలగలమన్నాయి. "ఎండాయి భాయ్, ఎండాయి!" అని మెట్లన్నీ మారుమోగేలా అరిచాను. ఉద్యోగంలో ఆ తర్వాత చాలా గెలుపులు చూశాను గానీ, అంత సంబరం మళ్ళీ ఎరగను.

సింగపూర్‌లో దిగేసరికి వాన. అత్తగారు నన్ను పలకరించే కన్నా ముందు డబ్బా అందుకుని చెవి దగ్గర ఆడించి చూశారు. ముక్కలు ఊటలో పడ్డాయి, కారం, మెంతిపిండి కలిశాయి, ఇంగువ తాలింపు ఇల్లంతా గుప్పుమంది. ముక్కలు మెత్తబడ్డాక భాయ్‌ని భోజనానికి పిలిచాం. వేడన్నం, నెయ్యి, మాగాయ. మొదటి ముద్దకే అత్తగారి పంటి కింద కరకరమంది. నేనెంత దులిపినా పోని దుబాయ్ ఇసుక. భాయ్ తల వంచుకున్నారు. ఆవిడ నెమ్మదిగా నమిలి, మింగి, రెండో ముద్ద కలిపారు.

"వచ్చే వేసవికి కూడా పంపుతారా అమ్మాయ్ మీవాళ్ళు? ఈసారి పైన ఇంకో చీర కప్పు" అన్నారు.

ఆవిడ మాట తప్పలేదు. నేను దేశాలు తిరుగుతూనే ఉన్నాను, పిల్ల నాన్నమ్మ చంకలో పెరిగింది. భాయ్ మాత్రం ఎక్కడ కనబడినా "ముక్కలు సలామతేనా చెల్లె?" అని అడిగేవారు. అత్తగారు ఇప్పుడు లేరు. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాక, తనే నా ఫోనులో దుబాయ్‌ని సింగపూర్ పైకి జరిపి పెట్టింది. కాలం ఎన్నేళ్ళు ఎండబెడితేనేం, ఊట జాడీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ముక్క మళ్ళీ మెత్తబడుతుంది.