పూతలపట్టు అని రాయాల్సిన కార్డు

పోయిన నెల చిత్తూరులో అన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది సామానంతా దించినప్పుడు, ఇందులో పాత ఇనుముకు పోయేదేదో వచ్చి చూసిపొమ్మని వదిన నాకు ఫోన్ చేసింది. టెలిఫోన్ల శాఖలో రిపేరు సెక్షనులో చేసి రిటైరైన దాన్ని కాబట్టి, వైరున్న ప్రతి వస్తువుకూ నేనే డాక్టరునని మా వాళ్ల నమ్మకం. పాత లుంగీలో చుట్టిన అన్న కంప్యూటరు కంటపడగానే మిగతా సామాను సంగతి మరిచిపోయి, దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని అలిపిరి దగ్గరున్న మా ఇంటికి తెచ్చేసుకున్నాను.

మన వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో ఇంట్లో పెట్టుకునే కంప్యూటరంటే ఒక లావుపాటి కీబోర్డు, అంతే; తెర కావాలంటే టీవీకి తగిలించుకోవాలి, ప్రోగ్రాము కావాలంటే పాటల క్యాసెట్టు లాంటి క్యాసెట్టు తిప్పుకోవాలి. వెనకవైపు సన్నటి గాడి ఒకటి ఉండేది, అందులో కార్డు గుచ్చితే దానికి ఇంకో విద్య వచ్చేది. మద్రాసులో చదువుకునే రోజుల్లో అన్న ఎవరి దగ్గరో వాడేసినది సంపాదించి మా ఊరు పూతలపట్టుకు తెచ్చాడు. చెరుకు గానుగా బెల్లం పెనమూ తప్ప ఇంకో లోకం పట్టని నాయన, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరసగా రావడం కాసేపు చూసి, "అదంతా సరేరా అబ్బోడా, మనూరి పేరు రాయమను సూస్తాం" అన్నాడు.

ఆ మాటతో అన్నకు పిచ్చి పట్టింది. సెలవులన్నీ గళ్ల కాగితం మీద తెలుగు అక్షరాలను చుక్కలుగా పెట్టుకుంటూ కూర్చున్నాడు. గుడి దీర్ఘం గడిలో పట్టలేదని ఒక రోజంతా అన్నం సరిగా తినలేదు. ఆ చుక్కలన్నీ మద్రాసులో ఒక చిప్పులోకి ఎక్కించుకొచ్చి, దాన్ని సొంతంగా చేసిన కార్డు మీద సోల్డరు చేశాడు. గాడిలో గుచ్చి కరెంటు పెడితే మొదట మా ఊరి పేరు రావాలి. కానీ ఆయుధ పూజ దగ్గర పడింది, కొత్త పనిముట్టేదైనా పూజ కాకుండా నడపకూడదన్నది మా ఇంటి ఆచారం, అందుకని అన్న పళ్లు బిగబట్టుకుని ఆగాడు.

పూజనాడు గానుగకూ ఆయిలింజనుకూ సైకిలుకూ అయ్యాక, పీట మీది కంప్యూటరు వంతు వచ్చింది. అమ్మ గంధం, కుంకుమ పెట్టింది, అన్న టీవీ సర్దే పనిలో ఉన్నాడు, వీధిలో సగం మంది మా నడవలోనే ఉన్నారు. కరెంటు పెట్టాడు. ఎప్పుడూ వచ్చే ఇంగ్లీషు మాటే వచ్చింది, దాని పక్కన చిన్న చదరం టపటపా కొట్టుకుంటూ నిలబడింది. కార్డు తీసి పెట్టాడు, మళ్లీ తీసి పెట్టాడు. నాయన తేలిక చేద్దామనే అన్నాడో ఏమో, "పోనీలేబ్బా, దానికి మనూరు తెలీదు" అన్నాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వు అన్న మొహంలో ఎక్కడ తగిలిందో నేను చూశాను. కార్డు లేకుండా మిషను బాగానే నడుస్తోంది కాబట్టి తప్పు కార్డుదే అనుకుని చాలా రోజులు దాని మీద ప్రతి అతుకూ వెతికి, చివరికి లుంగీలో చుట్టేశాడు. చక్కెర ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరి, సోల్డరింగు కడ్డీ మళ్లీ ముట్టలేదు. ఎప్పుడైనా ఆ ఊసెత్తితే, నాకు చేతగాలేదు మే, అని నవ్వేసేవాడు. నిజంగానే చేతగాలేదా అన్న సందేహం నన్ను మాత్రం ఇన్నేళ్లూ వదల్లేదు.

పాత మిషనుకు నేరుగా కరెంటు పెట్టడమంటే దాన్ని చేతులారా చంపడమే. ఇంటికి తెచ్చాక, లోపల ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్చి, మధ్యలో సీరీసు బల్బు కట్టుకుని స్విచ్చి వేశాను. లోపల షార్టుంటే ఆ బల్బు భగ్గుమంటుంది. అది ఒకసారి మెరిసి మందగించింది, పాత టీవీలో ఇంగ్లీషు మాట వచ్చింది. కార్డు పెట్టాను, ఊరి పేరు రాలేదు. మీటరు పెట్టి అతుకులన్నీ చూస్తే ఒక్కటీ వంక పెట్టడానికి లేదు, అన్న పని నా పని కంటే శుభ్రంగా ఉంది. మరి లోపమెక్కడని టార్చి వేసి గాడిలోకి చూస్తే లోపల ఎర్రగా కనిపించింది. తుప్పేమో అనుకున్నాను. స్పిరిటులో తడిపిన గుడ్డను పలచటి అట్టకు చుట్టి తోస్తే, ఎండిన గంధమూ కుంకుమా పెళ్లలుగా వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. గానుగకైనా రుబ్బురోలుకైనా అమ్మ బొట్టు పెట్టేది వాటి నోటికే. ఆ రోజు మిషను ముందువైపు అందరూ చూస్తుండగా పెట్టి, మెల్లిగా దాన్ని వెనక్కి తిప్పి, "నోరు యాడుండాదో ఆడ పెట్టాల గదమ్మే" అని నాతో అంటూ గాడి పొడవునా గంధం పూసింది. నిండా, ప్రేమగా పూసింది. అన్న కార్డు గుచ్చి ఆ తడి గంధాన్ని లోపలికి తోశాడు, అది అక్కడి తీగెలకు పొరలా అడ్డుపడింది; కార్డు అంచుకు అంటింది తుడిచేసుకుని, తరువాత కార్డునే వెతికాడు గానీ గాడిలోకి చూడలేదు.

శుభ్రం చేశాక స్విచ్చి వేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆ మొదటి చూపు అన్నకే దక్కాలి. ఫోన్ చేస్తే, "అది సచ్చి యెన్నాళ్లయిందో, దాన్నేల మే లేపేది" అని విసుక్కున్నాడు, కానీ మరునాడే దిగాడు. ఇన్నేళ్లకు చిప్పులో అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఈ మనిషికి రెండోసారి అదే అవమానం కదా అని నా భయం. కార్డు తనే గుచ్చాడు. తెర కాసేపు నల్లగా ఉంది, తరువాత తెల్లటి చుక్కలతో, పెద్దగా, పూతలపట్టు.

అన్న తెర దగ్గరికి వంగి ఒక్కో అక్షరమే చూశాడు. చివరికి కళ్లజోడు పైకి నెట్టి, "ట వత్తు కాడ ఒక సుక్క పక్కకు పోయింది మే, దిద్దాల" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎర్రబడిన గుడ్డ చేతిలో పెట్టి అమ్మ సంగతి చెప్పాను. దాన్ని వాసన చూశాడు, నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నాయన సూసుంటే బాగుణ్ణు, అన్నాడు.

ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా తెలుగు వేలితో గీస్తే వస్తుంది, నోటితో చెప్పినా వస్తుంది, మంచిదే. సొంత ఊరి పేరు తెర మీద చూడటానికి మాత్రం వీధి వీధంతా నడవలో గుమిగూడదు, కొత్త ఫోనుకు నోరెక్కడని వెతికి బొట్టు పెట్టే అమ్మలూ లేరు. వెళ్లేముందు అన్న మిషను తిప్పి గాడిలోకి టార్చి వేసి చూశాడు. ఒక మూల, తీగెలేవీ తగలని చోట కొంచెం ఎరుపు మిగిలిపోయింది, అది కూడా తీసేస్తానని గుడ్డ అందుకున్నాను.

"ఉండనీ మే," అన్నాడు.