ఏసీ నీళ్ళ బిళ్ళగన్నేరు

గల్ఫ్‌లో హవల్లీ అనే ఊళ్ళో మా పైఅంతస్తు అరబ్బుల ఇంట్లో కడప అక్క ఒకామె పనిచేసేది. ఏసీ నీళ్ళు కారే చోట ఏ గోడ పగులు కనిపించినా బిళ్ళగన్నేరు గింజలు వేలితో నొక్కేది. "చుక్క పడితే సాలన్నా, దాని పాటికది బతుకుతాది" అనేది.

ఇరాక్ సైన్యం దిగగానే ఆమె 'మామా' అని పిలిచే యజమానురాలు ఇంటి తాళంచెవి ఈమె చేతిలో పెట్టి కుటుంబంతో సౌదీ వెళ్ళిపోయింది. సైనికులు మా మేడ ఏసీలన్నీ ఊడబెరుక్కుపోయారు. అక్క గిన్నెలు కడిగిన నీళ్ళు మొక్కలకు పోసేది. మేం జోర్డాన్ బస్సుకు బయల్దేరుతూ ఆమెనూ రమ్మన్నాం.

"మామా వచ్చేదాకా బీగంచెవి నాకాడుండాలన్నా. మీరు పోండి."

ఎంత బతిమాలినా కదల్లేదు.

యుద్ధం ముగిశాక తిరిగొచ్చాం. పై ఇంటికి గుమ్మమే మిగిలింది. అక్క ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. ఏసీ ఊడబెరికిన గోడ కంతలో మాత్రం గుప్పెడు మట్టి, అందులో పూసిన బిళ్ళగన్నేరు.

తర్వాత మామా వచ్చింది. కొత్త ఏసీ బిగించాలని ఆ మొక్క పీకింది. మొక్క వేళ్ళను పట్టుకుని తాళంచెవి వచ్చింది, అక్క గింజ నొక్కినంత లోతు నుంచి.