తెల్లకోటు చెల్లెల్ని చూసొచ్చిన రోజు

మా ఊరు హచ్చొళ్ళిలో ఉదయం ఏడూ నలభైకి సిరుగుప్ప బస్సు ఎక్కాను. మా చిన్నాన్న కూతురు సుమ బళ్ళారిలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది. పది రోజులుగా ఫోను ఎత్తడం లేదు. చూసి రమ్మని చిన్నమ్మ నన్ను పంపింది.

నాకు వెళ్ళాలని లేదు. మెడిసిన్ ప్రవేశ పరీక్ష నేనూ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. ఇప్పుడు సిరుగుప్పలో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తున్నాను. సుమకు మొదటిసారే సీటు వచ్చింది. ఆ రోజు వీధంతా పేడాలు పంచింది నేనే. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

సిరుగుప్పలో ఉగ్గాని తిని తొమ్మిదికి బళ్ళారి బస్సు పట్టుకున్నాను. మా కర్ణాటక బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. అందుకే సీటు దొరకడం కష్టం. పక్కన కంటి పరీక్షకు పోతున్న ఒక అవ్వ కూర్చుంది. నా ప్రయాణం సంగతంతా అడిగి తెలుసుకుని, "ఇంట్లో డాక్టరమ్మ ఉండాదంటే ఇంకేం కావల్లమ్మా" అంది. దారి పొడవునా కాలువ కింద వరి పచ్చగా ఉంది. ఆ మాట విన్నాక దాన్ని హాయిగా చూడలేకపోయాను.

పదీ నలభై దాటాక కంటోన్మెంట్ వైపు ఆటోలో కాలేజీ చేరాను. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. కబురు పంపితే సుమ హాస్టల్ గేటు దగ్గరికి వచ్చింది. చిక్కి సగమైపోయింది. రెండు జడలు, నూనె కారే తల. నాతో మాట్లాడుతున్నా చూపు నేల మీదే ఉంది.

ఎదురుగా ఉన్న హోటల్లో దోసెలు చెప్పాను. తింటుండగా తెల్లకోట్ల అమ్మాయిలిద్దరు లోపలికి వచ్చారు. సుమ నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని లేచి నిలబడింది. వాళ్ళు కూర్చుని, నవ్వుకుని, చెయ్యి ఊపిన తర్వాతే కూర్చుంది.

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్ళు సీనియర్లట, ఆ రెండు జడలు, తల నిండా నూనె కూడా వాళ్ళ హుకుమేనట. రోజూ మెస్‌లో కుర్చీ ఎక్కి, వాళ్ళు పెట్టిన బూతుపేరుతో తనను తాను పరిచయం చేసుకోవాలట. అందుకని మెస్‌కు పోవడమే మానేసింది. చదివింది గుర్తుండటం లేదట.

"నిన్ను చూస్తే కడుపు మండుతాందక్కా. సాయంత్రమైతే నువ్వు ఇంటికి పోతావు" అంది.

"మానేసెయ్. నాతో వచ్చెయ్" అన్నాను.

వెంటనే బ్యాగు తెచ్చుకుంటానని లేచింది. అప్పుడు నా లోపల కలిగింది జాలి కాదు, సంతోషం. అది గుర్తుపట్టేసరికి నాకే భయమేసింది. సుమ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"తప్పు చెప్తిని సుమా. నీ మేలు కోరి చెప్పలేదు నేను. నీకు సీటొచ్చిందని నాకు కుళ్ళు."

సుమ ఆ రోజు మొదటిసారి తలెత్తి నా ముఖం చూసింది. "అయితే ఏం చేద్దాం?" అని అడిగింది.

హోటల్ బల్ల మీదే ఆ సీనియర్ల పేర్లతో సహా ఫిర్యాదు రాశాం. హాస్టల్ వార్డెన్ చదివి కన్నడంలో "ఇదెల్లా ఇద్దద్దే", ఇదంతా మామూలేనంది. ప్రిన్సిపాల్ గది బయట రెండు గంటలు కూర్చున్నాం. ఫిర్యాదు అందినట్టు ముద్ర వేసిన నకలు చేతికొచ్చేదాకా కదల్లేదు. మూడున్నరకల్లా సుమను వేరే బ్లాకుకు మార్చారు, మనోవైద్య విభాగంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి రాసిచ్చారు.

నాలుగున్నర బస్సులో ఒక్కదాన్నే వెనక్కి బయలుదేరాను. హాస్టల్లో పిల్లల్ని చూడటానికి వెళ్ళేవాళ్ళు మార్కుల కంటే ముందు తిండి సంగతి అడగండి. ఇక నా కుళ్ళంటారా, అది పోలేదు. ఫిర్యాదు కింద సుమ "ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం" అని రాస్తుంటే ఆ అక్షరాల మీదే నా చూపు ఆగింది. అయినా అవి ఆమె చేతిరాతలోనే ఉండాలనుకున్నాను.