అన్న గాలిలో నేసిన చీర

పోయిన వారం మోకాళ్ళ నొప్పికి మందు రాయించుకుందామని తిరుపతిలో ఆసుపత్రికి వెళ్ళి, చీటీల వరసలో నిలబడలేక పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాను. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి కాబట్టి, గోడ మీద ఏ రాత కనబడినా కూడబలుక్కుని చదవనిదే కన్ను ఊరుకోదు. ఎదురుగా ఒక గది తలుపు మీద మత్తు అలవాటు మాన్పించే విభాగం అని రాసి ఉంది. దాని ముందు ఒక తల్లి, పెళ్ళీడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, వాడి రెండు చేతులూ తన కొంగు కింద దాచి పట్టుకుని ఉంది. ఆ కొంగు మాత్రం ఆగకుండా కదులుతోంది. తెలిసినావిడ ఎవరో పలకరిస్తే చలిజ్వరం అని చెప్పింది. మా వైపు ఎండల్లో ఆ చలిజ్వరం ఏమిటో నాకు తెలుసు. మీరూ నా ఈడువాళ్ళై, తాగి చెడిన మగవాడు ఇంట్లో ఉండి ఉంటే, మీకూ తెలిసే ఉంటుంది.

మాది నగరి దగ్గర నేతవాళ్ళ వీధి. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఏ ఇంట్లోనైనా గుంత మగ్గమే, తెల్లవారితే కోడి కంటే ముందు, పోగును అటూ ఇటూ మోసే నాడె కూసేది. నాయన పోయాక మగ్గం ఎక్కినవాడు మా అన్న. మంచివాడని చెబితే చెల్లెలు కాబట్టి చెబుతోంది అంటారు. మంచి సంగతి అలా ఉంచితే, పనివాడు. మగ్గం మీద నిలువుగా బిగించిన నూలే పడుగు, పాతది అయిపోయాక కొత్త పడుగు పోగులను దాని కొసలకు అతకాలి. వేలికి బూడిద అద్దుకుని, ఒక్కొక్క పోగే మెలిపెట్టుకుంటూ పోవాలి. మా అన్న అతికితే ఒక్క పోగు జారదని వీధిలో ఎవరి ఇంట పడుగు మారినా వాడినే పిలిచేవారు.

గుంతలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చుంటే నడుము పట్టేస్తుంది కదా, దీపాలు పెట్టే వేళకు మగవాళ్ళు లేచి వీధి చివరి సారా కొట్టుకు పోయేవారు, మా అన్నా పోయాడు. మొదట నడుము నొప్పికి తాగాడు, తరువాత నిద్ర పట్టడానికి తాగాడు, ఆ తరువాత తెల్లవారి లేవగానే చేయి నిలవడానికి తాగాడు. ఈ మూడోదే మాకు అర్థం కాలేదు. ఒక గుక్క పడితే గాని నాడె పట్టలేని చేతిని చూసి, సారా ఆ చేతికి బలం ఇస్తోందనే అనుకున్నాం గాని, ఆ వణుకు పెట్టింది కూడా సారాయేనని మా బుర్రలకు తట్టలేదు.

తాగేవాణ్ణి మాన్పించడానికి మాకు తెలిసిన మందు ఒక్కటే. శుక్రవారం తలంటి, గంగమ్మ గుడికి తీసుకుపోయి, మణికట్టుకు పసుపుతాడు కట్టించి, వెలుగుతున్న కర్పూరం మీద చేయి పెట్టి ఒట్టు వేయించడం. తాడు ఉన్నంత కాలం చుక్క ముట్టకూడదు, ముట్టుకుంటే గంగమ్మ ఊరుకోదు. ఆ ఒట్టును నేను వెక్కిరించను, దానికి నిలబడి బాగుపడ్డవాళ్ళను ఈ కళ్ళతో చూశాను. అయితే వాళ్ళు పండగకో పబ్బానికో తాగేవాళ్ళు, మా అన్నలా పళ్ళు తోముకోకముందే తాగేవాళ్ళు కారు. ఆ తేడా గంగమ్మకు తెలుసేమో గాని మాకు తెలియదు. అన్న ఏడుస్తూ, మనసారా ఒట్టు వేశాడు. దొంగ ఒట్టు వేసి ఉంటే చాటున ఒక గుక్క మింగి గండం లేకుండా తిరిగేవాడు. నిజాయితీగా మానబట్టే ప్రాణం మీదికి వచ్చింది.

మరునాటికి చెమటలు, వాంతులు, అన్నం సయించలేదు. విషం దిగతా ఉండాది, మంచిదేలే అంది అమ్మ. ఇంకో రోజు గడిచాక, పట్టపగలు, అన్న మగ్గానికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా కూర్చుని నేయడం మొదలుపెట్టాడు. లేని నాడెను విసిరాడు. లేని మగ్గాన్ని కాలితో తొక్కి, తన వైపుకు లాగి కొట్టాడు. ఎక్కడో పోగు తెగినట్టు ఆగి, వేలికి లేని బూడిద అద్దుకుని, రెండు కొసలు వెతికి పట్టుకుని మెలిపెట్టాడు. పిలిస్తే పలకడు, ఒళ్ళు పెనంలా కాలుతోంది, కళ్ళు మాత్రం ఆ లేని చీర మీదే ఉన్నాయి.

ఎదురింటి అత్త గడపలో నిలబడి చూసి, చెంపలు వేసుకుంది. “అమ్మొచ్చిందే! గంగమ్మ తల్లి సీర నేయించుకుంటా ఉండాదే!”

అంతే, వీధి వీధంతా హారతి పళ్ళేలతో మా ఇంట్లోకి దిగింది. వేపాకు తెచ్చేవాళ్ళు, అన్న కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేవాళ్ళు, ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఒకావిడ తన ఆవు ఈసారైనా పెయ్యను ఈనుతుందా తల్లీ అని అడిగింది. “పోగు తెగింది, సూసుకో” అన్నాడు అన్న. ఆవుకే ఏదో అయిందనుకుని ఆవిడ గోలుగోలున ఏడుస్తూ కొట్టంలోకి పరుగెత్తింది. ఇంకొకాయన, కూతురికి పలమనేరు సంబంధం చేయమంటావా, పాకాల సంబంధం చేయమంటావా అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “రెండు పక్కలా సమంగా లాగబ్బా” అన్నాడు అన్న. ఆయన రెండిళ్ళకూ సరేనని కబురు పెట్టి, తరువాత చాలా కాలం ఆ రెండు ఊళ్ళ బస్సు ఎక్కడానికి భయపడ్డాడు. ఇప్పుడు నవ్వుకుంటున్నాను గాని ఆ రోజు నేనూ చేతులు జోడించుకునే నిలబడ్డాను.

జోడించనిది మా వదిన ఒక్కతే. వడమాలపేట పిల్ల, నోటికి తాళం లేదు. “ఏ తల్లీ రాలేదు. గోడ మింద పాములు పాకతా ఉండాయని అరస్తా ఉండాడు, మీకు ఇనబడలేదా? గంగమ్మకు పామంటే బయమా?” అంది. అన్న మధ్యమధ్యలో పాము పాము అని ఉలిక్కిపడుతున్న మాట నిజమే. కర్పూరం మధ్యలో అది మాకు మాటగా వినబడలేదు, మొగుడి గొంతు కాబట్టి వదినకు వినబడింది. నోరు మూసుకోయే, కళ్ళు పోతాయి అని అమ్మ తిడుతూ ఉండగానే అన్న కొయ్యలా బిగుసుకుని, పళ్ళు కరుచుకుని, నోట నురగతో పక్కకు ఒరిగిపోయాడు.

నూలు మూటలు దింపడానికి వీధిలోకి వచ్చిన వ్యాను ఉంటే, వదిన దానికి అడ్డంగా నిలబడి ఆపింది. మూటల మధ్య అన్న తల వదిన ఒడిలో, కాళ్ళు నా ఒడిలో, పక్కన దండం పెడుతూ అమ్మ, అలా తిరుపతికి వచ్చాం. దారిలో వదిన పుట్టింటి ముందు నుంచే వ్యాను పోయింది, తల తిప్పి కూడా చూడలేదు.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించాలంటే ఒక చేతికి నరం దొరకలేదు, రెండో చేతికి పసుపుతాడు. చేయి వాచి తాడు కండలోకి దిగిపోయింది. నర్సమ్మ కత్తెర తెచ్చింది. అమ్మ ఆ మణికట్టును రెండు చేతులా మూసి పట్టుకుంది. “తాడు తెంపితే ఒట్టు పోతాది సామీ. మళ్ళా తాగతాడు” అంది డాక్టరుతో.

“మళ్ళా తాగాలన్నా ముందు బతకాల గదవ్వా” అన్నాడాయన. అయినా అమ్మ చేయి తీయలేదు.

వదిన నర్సమ్మ చేతిలోని కత్తెర లాక్కుంది. అమ్మ వేళ్ళ సందులో నుంచే తాడు కత్తిరించి, దాన్ని తన తాళికి ముడివేసుకుంది. “ఒట్టు నా మెడలో ఉండాది అత్తా. ఇంక చెయ్యి తియ్యి.” అమ్మ తీసింది.

అన్న తెలివిలోకి రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఈలోగా డాక్టరు మాకు విడమరిచి చెప్పాడు. ఏళ్ళ తరబడి పొద్దున్నే తాగే ఒంటికి సారా లేకుండా నడవడం మరుపైపోతుందట. ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, లేనివి కనబడడం, ఒక్కోసారి ప్రాణమే పోతుందట. ఆయన తన మాటల్లో చెప్పాడు, నాకు మాత్రం బిగించి కట్టిన పడుగును ఒక్కసారి వదిలేస్తే చిక్కుపడిపోయే పోగులు కనబడ్డాయి. మానడం మంచిదే, కాని ఇంత ముదిరినవాణ్ణి ఇంట్లో మాన్పించకూడదు, మానకముందే తీసుకువస్తే వణుకు రాకుండా మాత్రలు ఇచ్చి, సత్తువకు సూదులు వేసి, ఆ మాత్రలను మెల్లగా తగ్గించుకుంటూ వస్తామన్నాడు. అన్న కళ్ళు తెరిచి, మొదట వదినను పోల్చుకుని, తరువాత ఆమె మెడలోని పసుపుతాడు చూసి, “ఏందే, నాకు మళ్ళా పెళ్ళి చేసినారా?” అన్నాడు. వదిన కొట్టబోయి, కొట్టలేక ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఇంకొక మాట అన్నాడు. ఒంట్లో సారా పోయింది, బుర్రలో ఉంది. రోజూ కొట్టుకు పోయే ఆ వేళ ఉందే, అదే గండం, ఆ వేళ దాటించండి అన్నాడు. వదిన ఏం చేసిందో చెబుతాను. మా అరుగు మీద సుద్దతో పులీమేకా ఆట గీసి, వీధిలో మగవాళ్ళ ఇళ్ళకు పోయి, దీపాలు పెట్టే వేళకు ఒకరైనా వచ్చి మా ఆయనతో ఆడిపోండి అని అడిగింది. మొదట మొగుణ్ణి పంపింది ఆ గంగమ్మ వచ్చిందన్న ఎదురింటి అత్తే. తరువాత తాగేవాళ్ళు కూడా తాగబోయే ముందు వచ్చి ఆడేవారు. “నీ మేకల్ని మేపే లోపల కొట్టు మూసేస్తాడప్పా” అని గొణిగేవాడొకడు, అయినా ఆట సగంలో వదిలి పోయేవాడు కాదు.

అన్న మళ్ళీ ఒకసారి తాగాడు. మా మేనమామ చనిపోయిన రోజు, పాడె వెనకాల పోయి, తాగి వచ్చాడు, అక్కడితో ఆగలేదు. అమ్మ తల బాదుకుంది. వదిన అరవలేదు, ఈసారి ఒట్టు వేయించలేదు, తాగుడు ఆపించకముందే బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. తిడతారని అన్న తల దించుకుంటే, లడ్డు తిన్నాడని చక్కెర రోగిని ఆసుపత్రి నుంచి తరుముతామా అన్నాడట డాక్టరు. తిరిగి వచ్చిన నాటి సాయంత్రం అరుగు మీద ఎవరూ ఏమీ అడగలేదు. మేకలు పేర్చి, పులి నీదా నాదా అన్నారు.

అన్న ఆ తరువాత తాగలేదు. మళ్ళీ పడుగులు అతికాడు, మనవళ్ళను ఎత్తుకున్నాడు, ముసలివాడయ్యాకే కాలం చేశాడు. గుంతలు పూడ్చి మరమగ్గాలు పెట్టారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగులన్నీ కొట్టేశారు, ఇప్పుడు అక్కడ ఇంటింటికీ ఇనుప గేటు. ఆ రోజులే మంచివని నేను అనను. కర్పూరం వెలిగించి, దండం పెట్టుకుంటూ మనిషిని చంపబోయినవాళ్ళం మేము. ఇప్పుడైతే గది ఉంది, మాత్ర ఉంది, కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు ఉన్నాడు. అయితే సారాకు వాసన ఉండేది, ఎవడు ఎంత చెడ్డాడో వీధంతటికీ తెలిసేది, తెలిసింది కాబట్టే వీధంతా వచ్చి కూర్చోగలిగింది. ఇప్పటి పిల్లలు మింగేవాటికి వాసన లేదు, తెలిసినా పక్కింటివాళ్ళు తలుపు దగ్గరగా వేసుకుంటారు. మందు ఇచ్చేవాళ్ళు దొరుకుతున్నారు. పొద్దు వాలే వేళకు వచ్చి, ఏమీ అడగకుండా, మేకలు పేర్చుకుని ఎదురుగా కూర్చునేవాళ్ళను ఏ ఊళ్ళో వెతకాలో నాకు తెలియడం లేదు.