చీమలు పాకేదాకా

నా చిన్నప్పుడు ‘చచ్చుబడటం’ అనే మాటకు నేను దయ్యాలకన్నా ఎక్కువగా భయపడేదాన్ని. ఒక పొద్దున మా గేదె దూడకు కాళ్లు చచ్చుబడ్డాయన్నారు. మర్నాటికి దూడ లేదు.

ఆ ఎండాకాలమే అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేది. పొద్దుగూకేదాకా మణికట్టు వంచి గిల్లటమే పని. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి చేతులు విదిలించుకునేది. ఒకసారి నాకూ మెలకువ వచ్చి ఏమైందని అడిగాను.

“చేతులు చచ్చుబడ్డాయే, నువ్వు పడుకో” అంది.

ఇంకెక్కడి నిద్ర! దూడకు కాళ్లు, అమ్మకు చేతులు. తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు. చెబితే నిజమైపోతుందని ఎవరికీ చెప్పలేదు. రోజూ అమ్మ వేళ్లు పట్టుకుని, వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పడుకునేదాన్ని. చివరికి బడి ఎగ్గొట్టి ఆమె వెనకే కల్లానికి పోయాను.

అక్కడ పక్కింటి పెద్దమ్మ నన్ను కనిపెట్టింది. ఆవిడ గుసగుస కూడా నాలుగిళ్లకు వినపడేది. “ఏందే, మీ అమ్మనేమన్నా దొంగలెత్తుకుపోతారా, అట్టా చూస్తన్నావు?” అంది. ఏడుస్తూ చెవిలో చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఎడమకాలు మడిచి దాని మీద కూర్చోమంది. ఒళ్లో ఇన్ని కాయలు పోసి, చెప్పేదాకా కదలొద్దంది. చాలాసేపటికి లేవమంటే నాకు కాలే లేదు. గిల్లినా తెలియలేదు. నాకూ వచ్చేసిందని గొల్లుమన్నాను.

“కాలు చాపు. చీమలొస్తయ్ చూడు.”

వచ్చాయి. అరికాలి నుంచి మోకాలిదాకా జివ్వుమని పాకాయి. కాలు మళ్లీ నాదైంది.

“మీ అమ్మకీ ఇదే. దూడది రోగం, ఇది తిమ్మిరి” అని, అమ్మ వైపు తిరిగి, “పిల్ల ముందు ఆ పాడు మాటేందే నీకు?” అని కేకలేసింది. ఆ రాత్రి పెద్దమ్మే వచ్చి నా చెక్క స్కేలును పాత చీర పేలికతో అమ్మ మణికట్టుకు కట్టింది, నిద్రలో వంగకుండా. అమ్మ తెల్లవారేదాకా లేవలేదు. స్కేలు లేదని నాకు బళ్లో రెండు దెబ్బలు పడ్డాయి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నా చేతులకూ తిమ్మిరి వచ్చింది. డాక్టరుగారికి చూపించుకుంటే మణికట్టుకు పట్టీ ఇచ్చారు. అయినా ఒక్కోరాత్రి చెయ్యి తెలియక మెలకువ వస్తుంది. చీమలు వచ్చేదాకా చిన్నప్పటి ఆ భయమే, ఈనాటికీ పోలేదు. పక్కలో మనవరాలు కదిలి, “ఏమైంది అమ్మమ్మా?” అంటుంది.

“తిమ్మిరేనమ్మా, చీమలొచ్చేశాయి, పడుకో” అంటాను, అవి ఇంకా రాకపోయినా.