మోషే చెవి, బంగారు టోపీ ఫ్యూజు

బోధన్ బస్టాండు వెనక గల్లీలో మోషేకు పదడుగుల దుకాణం ఉండేది. పాడైన రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు అన్నీ అక్కడికే చేరేవి. మీటరు ఉన్నా మోషే దాన్ని పెద్దగా నమ్మేవాడు కాదు. స్పీకరు దగ్గర తల వంచి, కండ్లు మూసుకుని వినేవాడు. "దీనికి గొంతు పట్టింది" అనేవాడు. విప్పి చూస్తే రోగం ఆయన చెప్పినచోటే దొరికేది. ఆయన విని బాగుందంటే బాగున్నట్టే. రుద్రూరు దాకా ఆ మాటకు తిరుగులేదు.

అలాంటి మనిషికి చెవులు పోతున్నాయి. ఇరవై ఏండ్లు పెండ్లిండ్లకూ జాతరలకూ మైకుసెట్టు కట్టి, హారన్ల పక్కనే నిలబడ్డందుకు అది ఫలితం. ఎడమ చెవి ఎప్పుడో మొద్దుబారింది. కుడి చెవి మీద కూడా అనుమానం మొదలై ఏడాదైంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య రూతమ్మకు కూడా. చెవిటి మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడు?

2003 చలికాలం. చెరుకు లారీలు రోడ్డంతా ఆక్రమించిన రోజుల్లో రుద్రూరు రైతు ముత్తన్న తన ఆంప్లిఫయర్‌ని దుప్పట్లో చుట్టుకుని వచ్చాడు. రెండు వారాల కిందట మోషే బాగుచేసి ఇచ్చిందే. పని చెడిందేమోనని మోషే భయపడ్డాడు. కానీ ముత్తన్న తగాదాకు రాలేదు. పుస్తెలతాడు తీసినంత భద్రంగా జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో తెల్లటి పింగాణీ ఫ్యూజు, రెండు కొసలకూ బంగారు టోపీలు.

"మా అల్లుడు దుబాయి నుంచి తెచ్చిండు. గిది ఏసినంక పాట ఎట్ల మారిందో ఏం చెప్పాలె మోషే! ఇంట్ల అందరు నన్ను సూసి నవ్వుతున్నరు. నువ్వొక్కసారి విని చెప్పు. నీ మాటకు ఎవ్వరు ఎదురు మాట్లాడరు."

మోషే ముందు మామూలు గాజు ఫ్యూజు వేసి విన్నాడు. తర్వాత బంగారుది వేసి విన్నాడు. ఇసుమంత తేడా కూడా తెలియలేదు. వెనకటి మోషే అయితే "ఉత్తదే పటేలా" అని అక్కడికక్కడే నవ్వేసేవాడు. ఇప్పుడు తన మీదే అనుమానం. తేడా లేదా, తన చెవికి అందలేదా? ఆ భయంతో ఫ్యూజుని తీసి అటూ ఇటూ తిప్పుతుంటే టోపీ మీద చెక్కిన అంకె కనబడింది. హమ్మయ్య అనుకున్నాడు. చదవడానికి చెవులక్కర్లేదు కదా!

"పటేలా, దీని మీద ఐదు ఆంపియర్లని ఉన్నది. నీ మిషన్‌కు రెండే కావాలె. లోపల ఏదన్న చెడిపోతే ముందుగాల ఫ్యూజు కాలాలె, మిషన్ మిగలాలె. గిది కాలదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది, ఆ మంట నీ పరదాలకు అంటుకుంటది."

"అయితే రెండు ఆంపియర్లదే తెప్పిస్త. పాట సంగతి చెప్పు ముందు" అన్నాడు ముత్తన్న. వదిలే రకం కాదు.

అంతలో రూతమ్మ సద్ది గిన్నె పట్టుకుని వచ్చింది. మెథడిస్టు చర్చిలో కీర్తన ఎత్తుకునేది ఆమే. పక్కన ఎవరి శ్రుతి తప్పినా చురుక్కున చూస్తుంది. ఏది బాగుందో చెప్పమని మోషే ఆమెను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. ప్లగ్గు పీకుతూ, పెడుతూ ఒకే పాట ఆరుసార్లు వేశాడు. నాలుగుసార్లు ఫ్యూజు మార్చాడు, ఒకసారి మార్చినట్టు నటించాడు. రూతమ్మ ఒకసారి గాజుదాన్ని మెచ్చుకుంది, ఒకసారి బంగారుదాన్ని. రెండుసార్లు "గదే గదా" అంది. ఏమీ మార్చనప్పుడు మాత్రం "గిప్పుడు మస్తున్నది" అంది. ముత్తన్న ముఖం వాడిపోయింది. మోషేకు ప్రాణం లేచి వచ్చింది. తన చెవి అబద్ధం చెప్పలేదు!

"అన్నిట్ల ఒకటే ఉన్నది గాని, ఆ సన్నగ కీసుమనే మోత ఎందుకు బాగుచెయ్యవు?" అంది రూతమ్మ ఇటు తిరిగి.

"అవునక్కా, ఇంటికాడ గూడ వస్తున్నది. క్యాసెట్టుదే అనుకున్న" అన్నాడు ముత్తన్న.

మోషే కుడి చెవిని స్పీకరుకు ఆనించాడు. ఏ మోతా లేదు. రెండు వారాల కిందట ఇదే చెవితో విని, బాగుందని చెప్పి పంపాడు. "వినబడుతున్నది, సరిచేస్త" అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రూతమ్మ తననే చూస్తోంది.

"నాకు వినబడుత లేదు పటేలా" అన్నాడు. "ఏడాది సంది గిట్లనే ఉన్నది. నీకు చెడిపోయిన మిషనే ఇచ్చిన."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ముత్తన్న బంగారు ఫ్యూజును డబ్బీలో వేసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు లేనిది వినబడ్డది, నీకు ఉన్నది వినబడలే. ఇద్దరం ఇద్దరమే" అని దుప్పటి మడతపెట్టుకున్నాడు. "మిషన్ ఈడనే ఉంటది. అక్క విని మంచిగున్నదంటే కబురు చెయ్యి."

ఆయన వెళ్లాక రూతమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. మోత ఏ కెపాసిటర్ వల్ల వస్తోందో తేల్చడానికి మోషే కొత్తదాన్ని పాతవాటిలో ఒక్కొక్కదానికీ ఆనిస్తూ పోయాడు. "ఉన్నది" అంటోంది ఆమె. మళ్లీ "ఉన్నది." నాలుగోదానికి ఆనించేసరికి ఆమె ఏదో మెల్లగా అంది. ఎడమవైపు కూర్చుంది కనుక ఆ మాట మోషేకు అందలేదు. తలెత్తి ఆమె ముఖం చూశాడు. మోత పోయిందని అర్థమైంది.